పరశ్వాస

అమ్మవారిశాల వీధి ఊపిర్లన్నీ తేటగా ఉన్నాయని ముద్ర వేసి, హైమవతి తన సొంత వీధి ఊపిర్లు తెరిచింది. పక్కింటి పెద్దాయన నిన్న కూడా పచ్చి ఉల్లిపాయ తిని ఊదినట్టున్నాడు. అద్దం రెండుసార్లు విసుక్కుని మూడోసారి ఒప్పుకుంది. మూలింటి కొత్తకోడలు నిద్రమత్తులో అద్దానికి ఆమడ దూరాన నిలబడి ఊదింది. ఇలాంటివి చూసి తనలో తాను నవ్వుకోవడం శ్వాసపాఠకుల ఉద్యోగంలో మిగిలిన చిన్న సుఖం.

ప్రొద్దుటూరులో ప్రతి ఇంటి గోడకూ అరచేతంత ఊపిరద్దం వచ్చి అప్పటికి ఒక తరం దాటింది. పొద్దున లేవగానే, పళ్ళు తోముకోకముందే, జనం దాని మీద 'హా' అని ఊదుతారు. ఊపిరితిత్తుల్లో పాడైన కణం చచ్చిపోతూ తన డీఎన్ఏ తునకలు కొన్ని వదులుతుంది. అవి ఊపిరి తేమతో పాటు బయటికొచ్చి అద్దానికి అంటుకుంటాయి. అద్దం వాటిని అక్షరం అక్షరం చదివి, క్యాన్సరు మార్పు కనిపిస్తే 'మొలక' అని, లేకపోతే 'తేట' అని రాస్తుంది. మొలక అంటే ఏ స్కానింగుకూ అందనంత చిన్నది. ఒక నెల మందు పీలిస్తే మాడిపోతుంది. వదిలేస్తే అది 'వేరు' అవుతుంది, అప్పుడిక కోత తప్పదు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఫలానావాళ్ళు పోయారన్న మాట ఊళ్ళో వినపడి చాలా ఏళ్ళయింది. జనం ఆ రోగాన్ని మశూచి పక్కన చేర్చి మరిచిపోయారు.

అద్దం చదివినదాన్ని మనిషి కూడా ఒకసారి సరిచూడాలని చట్టం. అందుకే వార్డుకొక శ్వాసశాల, అందులో హైమవతి లాంటి పాఠకులు. అద్దం ఎక్కడ తడబడినా ఆ ఇంటి పేరు పక్కన పసుపు చుక్క పెడుతుంది. ఆ ఉదయం పసుపు చుక్క ఆమె సొంత ఇంటి పేరు పక్కనే కనిపించింది.

ఆమె భర్త మౌనేష్ కంసాలి. నగలన్నీ యంత్రాలే అచ్చుపోస్తున్న కాలంలో, యంత్రాలకు లొంగని పాత నగలను చేత్తో బాగుచేసే కొద్దిమందిలో ఒకడు. నిప్పు దగ్గర పనిచేసేవాళ్ళు పొద్దున కాకుండా, సాయంత్రం పని నుంచి రాగానే, నోరు పుక్కిలించకుండా ఊదాలి. పగలంతా పీల్చిన పొగ ఏం చేసిందో అప్పుడే తెలుస్తుంది. నిన్న సాయంత్రం మౌనేష్ ఊదిన ఊపిరి తేటగానే ఉంది. కానీ దాని అడుగున ఇంకొకరి ఊపిరి తునకలు ఉన్నాయి.

ఇలా కలిసొచ్చే పరాయి తునకలను పరశ్వాస అంటారు. ఒకే సీసా నీళ్ళు తాగినవాళ్ళ నోట్లో ఉంటుంది, బిడ్డను ముద్దాడిన అత్త నోట్లో ఉంటుంది. ఇంట్లోవాళ్ళ ఊపిర్లు అద్దానికి తెలుసు కాబట్టి మొగుడూ పెళ్ళాల జోలికి అది రాదు. పరాయిది కనపడితే మాత్రం, చీపురుతో చెత్త ఊడ్చినట్టు పక్కకు తోసేస్తుంది, మరీ ఎక్కువైతేనే తడబడి పసుపు చుక్క పెడుతుంది. దాన్ని విప్పి చదవడం నేరం. ఉద్యోగంలో చేరిన రోజున పాఠకులు చేసే ప్రమాణంలో మొదటి మాట అదే, హైమవతి కూడా గుండె మీద చెయ్యి వేసుకుని ఆ మాట పలికింది.

ఆమె వెనక్కి వెళ్ళి పాత సాయంత్రాలు చూసింది. పనికెళ్ళిన ప్రతి రోజూ మౌనేష్ నోట్లో ఆ పరశ్వాస ఉంది, సెలవు రోజుల్లో లేదు. హైమవతి కడుపులో నిప్పు రాజుకుంది. ప్రమాణం గుర్తుంది, గుర్తుండే విప్పింది.

తునకలు ఆడమనిషివి. వయసు నలభైకి అటూ ఇటూ. లోహపు పొగ తగిలిన ఊపిరితిత్తుల్లో మాత్రమే కనపడే మచ్చ కూడా ఉంది. ఆ ఊళ్ళో కుంపటి ముందు కూర్చునే ఆడమనిషి ఒక్కతే, మౌనేష్ గురువు కూతురు సిద్ధేశ్వరి. గురువు పోయాక ఆ కొట్టును ఆమె, మౌనేష్ కలిసి నడుపుతున్నారు. ఒకప్పుడు గురువు మౌనేష్‌నే అల్లుడిగా చేసుకోవాలనుకున్నాడు, జాతకాలు కుదరలేదు. ఆ సంగతి పెళ్ళిపీటల మీదే ఎవరో హైమవతి చెవిలో వేశారు. సిద్ధేశ్వరి మౌనేష్‌ను పేరుపెట్టి, 'మౌనేషూ' అని సాగదీసి పిలుస్తుంది. పదిహేనేళ్ళుగా ఆ దీర్ఘం హైమవతి చెవుల్లో గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె ఆ తర్వాతి గీత చదివింది. పరశ్వాసలో మొలక ఉంది.

సిద్ధేశ్వరికి ఆ సంగతి తెలిసే దారి లేదు. ఆమె ఇంట్లో ఊపిరద్దం మీద ఎప్పుడూ ఎర్రగుడ్డ కప్పి ఉంటుందని ఊరంతా ఎరుగుదురు. ఊదమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పైగా మొలక వచ్చినవాళ్ళను, నయమైనా సరే, మళ్ళీ నిప్పు పని ముట్టనివ్వరు. పని పోతుందన్న భయంతో ఆమె అద్దాన్ని మూసింది. ఇప్పుడు ఆమె ప్రాణం సంగతి ఈ భూమ్మీద తెలిసిన మనిషి హైమవతి ఒక్కతే.

చెప్పాలి అని మొదట అనుకుంది. వెంటనే, చెబితే ఎలా తెలిసిందంటారు, చదవకూడనిది చదివావంటారు, అని సర్దిచెప్పుకుంది. అది సాకు అని ఆమెకు తెలుసు. అసలు సంగతేమిటంటే, తన మొగుడి నోట్లో ఊపిరి వదిలిన ఆడదానికి తాను ఊపిరి పోయడం ఆమెకు చేతకాలేదు.

సాయంత్రం మౌనేష్ వచ్చాడు. చెప్పులు విడిచి నేరుగా అద్దం దగ్గరికి పోయి 'హా' అని ఊదాడు. 'తేట' అని చూసి వెనక్కి తిరిగేసరికి పెళ్ళాం గుడ్లప్పగించి చూస్తోంది.

"ఏంమే, అట్ల సూస్తాండావు? కొత్తగా కనపడతాండానా?"

"ఈ పొద్దు కొట్లో ఎవరెవరుండారు?"

"ఎవరుంటారు? నేనూ సిద్ధేశ్వరీ. ఎప్పుడూ ఇద్దరమే గదా."

"అవులే, ఎప్పుడూ ఇద్దరే."

"ఏందా మాట?"

"ఏమీ లే. కాళ్ళు కడుక్కో పో, సంగటి ఆరిపోతాది."

అతను నోరు పుక్కిలించి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు మింగాక, తలెత్తకుండానే అన్నాడు. "సిద్ధేశ్వరికి ఈ మధ్య ఆయాసంగా ఉంటాంది. నాలుగు మెట్లెక్కితే గస పెడతాంది. అద్దం మీద ఊదమంటే నా మీదికి లేస్తాది. నువ్వు ఆ పనిలో ఉండేదానివి, ఒక మాట చెప్పగూడదా?"

ఇంతకన్నా వీలైన సందు దొరకదు. 'ఆమెను రేపే పిలుచుకొని రా' అంటే సరిపోయేది. హైమవతి పప్పు గిన్నె కంచం పక్కన కొంచెం గట్టిగానే పెట్టింది.

"నీ మాటే విననామె నా మాట వింటాదా? నీకుండే చనువు నాకు యాడిది?"

మౌనేష్ ఆమె ముఖంలోకి చూశాడు, ఏమీ అర్థంకాక మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

ఆ తర్వాత వానలు పడ్డన్నాళ్ళూ హైమవతికి అదొక రోగమైపోయింది. శ్వాసశాలకు వెళ్ళగానే ముందు తన ఇంటి ఊపిరి తెరిచేది. మొగుడి ఊపిరి తేటగా ఉందా లేదా అని చూడటం కూడా మరిచిపోయింది. ఆమెకు కావలసింది అడుగున ఉన్నది. అది ఎక్కువగా ఉంటే ఆ రోజు వాళ్ళిద్దరూ ఎంత దగ్గరగా ఉండి ఉంటారో ఊహించుకుని పళ్ళు నూరేది. తక్కువగా ఉంటే, పోట్లాడుకున్నారేమోనని కొంచెం ఊరట. ఒక రోజు అసలు లేకపోతే సంబరపడి సేమ్యా పాయసం చేసింది. సిద్ధేశ్వరి ముందురోజు జ్వరంతో రాలేదని మౌనేష్ తింటూ చెప్పాడు.

మొలకను కూడా చూస్తూనే ఉంది. మారిన అక్షరాలు వారం వారం పెరుగుతున్నాయి. ఈ సోమవారం చెబుతాను అనుకునేది. సోమవారం సాయంత్రం మౌనేష్ ఏ మాటలోనో నవ్వుతూ సిద్ధేశ్వరి పేరెత్తేవాడు. వచ్చే సోమవారం చూద్దాంలే అని హైమవతి ముఖం మాడ్చుకుని లోపలికి పోయేది. తాను చంపడం లేదని, ఊరికే ఉంటున్నానని మనసుకు నచ్చజెప్పుకునేది. ఆ మాట మనసుకు ఎక్కేది కాదు, అయినా రోజూ చెప్పుకునేది.

దసరా దగ్గరపడ్డాక ఒక ఉదయం తెరిచి చూస్తే మొలక గీత పక్కన ఇంకో గీత లేచి ఉంది. వేరు.

హైమవతి వెంటనే లేచింది. అయినా ఆమె అక్కడినుంచి కదిలింది జాలితో కాదు, ఇది ఆమే తర్వాత ఒప్పుకుంది. వాళ్ళిద్దరినీ కళ్ళారా చూసి, మొహాన్నే అడిగి, అక్కడే రోగం సంగతీ చెప్పేయాలని బయల్దేరింది. ముందు తిట్టాలి, తర్వాత చెప్పాలి, అదే వరస అనుకుంది.

కొట్టు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కొలిమి దీపం ముందు సిద్ధేశ్వరి కూర్చుని ఉంది. ఆమె పెదాల మధ్య వంకీ తిరిగిన ఇత్తడి ఊదుగొట్టం. దాంట్లోంచి వచ్చే గాలి దీపం మంటను సూదిలా వంచి, బొగ్గుపలక మీదున్న పాత వడ్డాణం అతుకు మీదికి పంపుతోంది. ఎదురుగా మౌనేష్ పటకారుతో వడ్డాణాన్ని మెల్లగా తిప్పుతున్నాడు. సిద్ధేశ్వరి బుగ్గలు వణుకుతున్నాయి, మెడ నరాలు తేలాయి. ఊపిరి అయిపోవస్తుండగా ఆమె ఎడమచేతి వేలు ఒకటి పైకెత్తింది. మౌనేష్ ముందుకు వంగి ఆమె పెదాల మీంచి గొట్టాన్ని తన పెదాల మీదికి తీసుకున్నాడు. తుడవలేదు. మంట రెపరెపలాడనైనా లేదు. కొంతసేపటికి అతనూ వేలెత్తాడు, ఆమె అందుకుంది.

హైమవతి గడప దగ్గరే ఆగింది. అక్కడ సరసం లేదు. సరసమైతే తిట్టడానికి ఆమె దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కూడా లేదు, ఇద్దరి చూపూ అతుకు మీదే ఉంది. ఒకరి ఊపిరి ఎక్కడ ఆగుతుందో రెండోవారికి చెప్పకుండానే తెలుస్తోంది. పదిహేనేళ్ళ కాపురంలో తన మాట ఎక్కడ ఆగుతుందో మౌనేష్‌కు ఒక్కసారైనా తెలిసిందా అని ఆమెకు అనిపించింది. తప్పు చేస్తూ దొరికి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అతుకు మెరిసి కరిగి కూర్చున్నాక మౌనేష్ గొట్టం కింద పెట్టి, గడపలో ఉన్న హైమవతిని చూశాడు.

"నువ్వా! ఈ యాళప్పుడు ఇట్లొచ్చినావేమే?"

"ఒకరి ఎంగిలి ఒకరు..." హైమవతి నోటికి అంతే వచ్చింది.

మౌనేష్ నవ్వాడు. "ఓ, ఇదా. కుంపటి కాడ ఎంగిలేంది? గ్యాసు మంటయితే పాత నగను తినేస్తాది. ఊపిరి మంటయితే చెప్పినట్టు వింటాది. పెద్ద అతుకు పడినప్పుడు ఒకరి ఊపిరి సాలదు. తుడుచుకుంట కూచుంటే మంట తెగిపోతాది. మా గురువుగారి తాత కాలం నుంచి ఇదే గొట్టం, ఇదే పద్ధతి."

సిద్ధేశ్వరి దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది. "రా హైమా, కూచో. మొహమంతా అట్ల పాలిపోయిందేంది?"

వడ్డాణం మీంచి పల్చటి పసుపు పొగ లేస్తోంది. ఇలాంటి పాత నగలను వెనకటికి కాడ్మియం కలిసిన కేడీఎం పొడి వేసి అతికేవారు. ఎన్నేళ్ళ తర్వాత కాల్చినా వాటిలోంచి కాడ్మియం లేచి ఊపిరితిత్తులకు పోతుంది. హైమవతి ఆ పొగనే చూస్తూ నిలబడింది.

"సిద్ధేశ్వరీ, నీకు వేరైంది."

"ఏంది?"

"ఊపిరితిత్తుల్లో. మొలక దాటిపోయి వేరైంది. ఈ పొద్దే ఆస్పత్రికి పోవాల."

"నేను యాడా ఊదలేదే. నీకెట్ల తెలుసు?"

హైమవతి ఊదుగొట్టం వైపు చూసింది. "నీ ఊపిరి తేమ దాంట్లో నిలబడతాది. ఆడినుంచి ఈయన నోట్లోకి వస్తాది. ఈయన ఇంటికొచ్చి అద్దం మీద ఊదుతాడు."

మౌనేష్ చేతిలోని పటకారు కింద పెట్టాడు. గొంతు పెంచకుండానే అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఈ పొద్దే అంటే ఎవరూ పట్టుకోలేరు. కానీ అప్పటికి హైమవతికి దాచే ఓపిక కూడా అయిపోయింది.

"వానలు మొదలైనప్పుడు."

"అప్పుడిది వేరా?"

"కాదు. మొలకే."

మౌనేష్ ఆమె వంక చూసిన చూపు తిట్టుకన్నా అధ్వానంగా ఉంది. సిద్ధేశ్వరి మాత్రం వడ్డాణాన్ని పటకారుతో తిప్పి అతుకు చూసుకుంది. "ఆరనీ మౌనేషూ. ఇది ఆరినాక పోదాం," అంది.

కడప ఆస్పత్రిలో ఆమె కుడి ఊపిరితిత్తిలో ఒక ముక్క కోసి తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు. అయితే ఇంక ఊదుగొట్టం పట్టగలిగే ఊపిరి ఆమెకు రాదన్నారు. మొలకప్పుడే తెలిసి ఉంటే నిప్పు పనిని చట్టం ఆపేది, ఊపిరి మాత్రం మొత్తం మిగిలేది. కొట్లో కూర్చుని పాట పాడుకునేది, మెట్లెక్కేది.

హైమవతి తానే వెళ్ళి శ్వాసశాల అధికారికి జరిగిందంతా చెప్పేసింది. ఆయన తలపట్టుకున్నాడు. అద్దాన్ని తయారుచేసినవాళ్ళు ఉల్లిపాయ వాసనను ఊహించారు, దుమ్మును ఊహించారు, ఒకే ముఖమున్న కవలలను కూడా ఊహించారు. పాఠకురాలికి కడుపుమంట ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆమెను చదివే పని నుంచి తీసేసి, పాడైన అద్దాలు తుడిచే గదిలో వేశారు.

ఇంట్లో మౌనేష్ అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి ఊపిరద్దం మీద కప్పాడు. నేరుగా పెరట్లోకి పోయి నోరు పుక్కిలించాడు.

హైమవతి అతని వెనకే పెరట్లోకి వెళ్ళింది. ఆ కొట్లో అదే పొగను అతనూ అన్నేళ్ళు పీల్చాడు. ఇప్పుడు ఒక్కడే కూర్చుని ఇద్దరి ఊపిరీ ఊదుతున్నాడు.

"నా మీద కోపముంటే నన్ను తిట్టు. అద్దమేం జేసింది?"

"అద్దమేమీ చెయ్యలే. అది నాకు సూపియ్యనిది చదివేది మనుషులే గదా. చెప్పాలనిపిస్తే చెప్తారు, లేకుంటే లేదు. అట్లాంటి అద్దం నాకెందుకు?"

"ఇప్పుడు నేను చదవను. వేరే ఆమె చదువుతాది."

"ఆమెకూ ఒక మొగుడుంటాడు," అన్నాడు మౌనేష్.

ఆమె ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది, అన్నం మానేసింది. అతను కోపగించుకోలేదు, కరగనూ లేదు. రోజూ అతను దగ్గినప్పుడల్లా ఆమె వంటింట్లో పని ఆపి చెవి పెట్టి వినేది. ఊరందరి ఊపిర్లూ చదివినామెకు సొంత మొగుడి ఊపిరిలో ఏముందో తెలిసే దారి లేకుండా పోయింది.

కార్తీకం వచ్చాక ఒక సాయంత్రం వాకిట్లో ఎవరో ఆగి ఆగి అడుగులు వేస్తున్న చప్పుడైంది. సిద్ధేశ్వరి. చిక్కి సగమైంది. గడప పట్టుకుని ఆయాసం తీర్చుకుని లోపలికొచ్చింది. హైమవతి కుర్చీ జరిపి పక్కన నిలబడింది.

"కాఫీ..."

"వద్దులే. నీ మీద కోపం ఇంకా పోలే హైమా. పోయిందని చెప్తే అబద్ధమైతాది. నేను వచ్చింది ఈయన కోసం." సిద్ధేశ్వరి గోడ వైపు చూసింది. "మౌనేషూ, ఆ గుడ్డ తీయ్."

అప్పుడే పని నుంచి వచ్చిన మౌనేష్ తల అడ్డంగా ఊపాడు. "నువ్వు ఊరుకో. నువ్వు గుడ్డ కప్పుకోలేదా?"

"కప్పుకున్నా. కప్పుకుంటే ఏమైందో సూస్తాండావు గదా. గట్టిగా అరిచేదానికి కూడా ఊపిరి లేదు నాకు. తీయ్."

మౌనేష్ లేచి తువ్వాలు లాగాడు.

"ఊదు."

అతను వంగి ఊదాడు. అద్దం మసకబారింది. హైమవతి కొంగు కొస నోట్లో కుక్కుకుని నిలబడింది. మసక కరిగి అక్షరాలు తేలాయి. తేట.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొగుడు బాగున్నాడన్న సంతోషానికి ఒళ్ళంతా తేలికైంది. ఆ సంతోషం పూర్తిగా ఒంటికి పట్టకముందే కడుపులో పాత నిప్పు మళ్ళీ రాజుకుంది. ఇన్ని రోజులు తాను కాళ్ళు పట్టుకున్నా కదలని మనిషి, సిద్ధేశ్వరి ఒక్క మాటకు లేచి ఊదాడు. ఈసారి ఆమె ఊహించుకున్నది ఏమీ లేదు, తన కళ్ళ ముందే జరిగింది. తన మొగుడి ప్రాణం నిలబెట్టడానికి వచ్చిన మనిషి మీద, తాను ఊపిరి తుంచిన మనిషి మీద, ఇంకా అసూయ పుడుతున్నందుకు హైమవతికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అసూయ పోలేదు.

"నువ్వూ ఊదు హైమా," అంది సిద్ధేశ్వరి.

హైమవతి అద్దం ముందుకు వచ్చింది. గుండెలో మండుతున్నదంతా కలిపి గట్టిగా ఊదింది. అద్దం కాసేపు ఆలోచించి, తేట అని రాసింది.

సిద్ధేశ్వరి ఆ మాట చదివింది. తర్వాత హైమవతి ముఖం చూసింది, చాలాసేపు చూసింది. మౌనేష్ చేతిలోని తువ్వాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి హైమవతి చేతికిచ్చింది. "ఇది మళ్ళీ అద్దం మీదికి పోకుండా సూసుకో," అంది.